రెబ్కా టీచరు రెండో భాగం స్పానిష్

నల్లపాడులో కారం మిల్లు నడిపే యలమందయ్యకు 2003 నవంబరులో స్పెయిన్ నుంచి ఉత్తరం వచ్చింది. అన్సెల్మో అనే పెద్దమనిషి మార్చిలో మిరపకాయలు చూడటానికి వస్తాడట. ఆయనకు ఇంగ్లీషు రాదు. స్పానిష్ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఉన్నారని జవాబు రాయించి పోస్టులో వేసేశాక, యలమందయ్య ఆ మనిషి కోసం వెతకడం మొదలుపెట్టాడు.

వెతికి వెతికి మిషన్ స్కూల్లో తెలుగు చెప్పే రెబ్కా టీచరు ఇంటికి వచ్చాడు.

"నాకు తెలుగు వ్యాకరణం తప్ప ఏం తెలుసండీ?" అంది ఆవిడ.

"ఏ భాషకైనా వ్యాకరణం వ్యాకరణమేగా టీచరమ్మా! నాలుగు నెలలు టైముంది. బెజవాడలో పాత పుస్తకాల షాపులో ఇది దొరికింది," అంటూ ఓ లావుపాటి పుస్తకం చేతిలో పెట్టాడు. "మొదటి భాగం లేదంట. రెండోదే పెద్దది, ఇదే తీసుకుపొమ్మన్నాడు."

ఇంగ్లీషు వివరణతో ఉన్న ఆ పుస్తకం పై తరగతి క్రియారూపాల కోసం రాసింది. నీళ్ళు, అన్నం, కూర్చోండి, వెళ్ళి రండి వంటివన్నీ మొదటి భాగంలో అయిపోయాయని పీఠికలోనే చెప్పేశారు. ఇందులో ఉన్నవల్లా జరగనివి, జరిగి ఉండాల్సినవి, జరిగితే బాగుండుననిపించేవి.

ముప్ఫై ఏళ్ళు క్రియల మధ్య బతికిన మనిషి, రెబ్కా వారం తిరక్కుండా ఆ పుస్తకంతో ప్రేమలో పడింది. 'వచ్చాను' అంటే చాలు, నేను అని వేరే చెప్పక్కర్లేదు కదా. స్పానిష్‌లోనూ అంతే, కర్త క్రియ తోకలోనే దాక్కుంటాడు. ఇంగ్లీషువాళ్ళకు చెమటలు పట్టించే పాఠాలు ఆవిడకు మంచినీళ్ళ ప్రాయమయ్యాయి. 'వచ్చి ఉంటే చూసి ఉండేదాన్ని' అని తెలుగులో అనుకుని స్పానిష్‌లోకి తిప్పడమే. స్కూలుకెళ్ళే ఆటోలో గొణిగేది. చర్చిలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు గొణిగేది. ఫిబ్రవరికల్లా మూడొందల క్రియలు నోటికొచ్చాయి. నామవాచకాలు మాత్రం పదో పన్నెండో.

మార్చి రెండోవారంలో అన్సెల్మో వచ్చాడు. అరవై ఏళ్ళవాడు, పొడుగు మనిషి, తెల్లచొక్కా. మిల్లు గేటు దగ్గర యలమందయ్య దండ వేసి, "కూర్చోమను టీచరమ్మా," అన్నాడు.

రెబ్కా గొంతు సవరించుకుంది. "సి ఉస్తెద్ సె ఉబియెరా సెంతాదో, అబ్రీయా దెస్కాన్సాదో."

మీరు కూర్చుని ఉంటే సేదతీరి ఉండేవారు, అని. కుర్చీ వైపు అడుగు వేస్తున్న అన్సెల్మో, ఆ అవకాశం చేజారిపోయిందనుకుని ఆగిపోయాడు. నిలబడే ఏదో అడిగాడు.

"ఏంటి, కూర్చోడా?"

"తనేం తప్పు చేశానని అడుగుతున్నాడండీ."

లోపలికి తీసుకెళ్ళారు. మిల్లు గర్రుమంటోంది. ఓ పక్క నలభైమంది ఆడవాళ్ళు తొడిమలు తీస్తున్నారు. గాలి ఎర్రగా ఉంది. అన్సెల్మో రెండడుగులు వేశాడో లేదో దగ్గు అందుకుంది. కళ్ళ వెంట నీళ్ళు ధారలు కట్టాయి.

"ఆగువా!" అన్నాడు.

యలమందయ్య ఉలిక్కిపడ్డాడు. "ఒరేయ్, ఆగమంటున్నాడ్రా! మిల్లు ఆపండి!"

మిల్లు ఆగింది.

"ఆగువా! ఆగువా!"

"మీరు కూడా ఆగండమ్మా!" యలమందయ్య కేకతో నలభైమంది చేతులు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఆ పెద్దమనిషి అవస్థ చూసి చెంబుతో నీళ్ళు తెస్తున్న మదార్‌బీ కూడా, ఒక కాలు ముందుకేసి, అలాగే ఆగింది.

"ఇంకా ఎవరు కదుల్తున్నారే?" అంటూ యలమందయ్య ఫ్యాన్ కూడా ఆపించాడు.

అన్సెల్మో గోడకు చేరగిలబడి, "ఆగువా..." అని మూలిగాడు. ఊపిరి బిగబట్టడం తప్ప ఇక ఆపడానికేమీ మిగల్లేదు. చాలామంది అదీ చేశారు.

ఆగువా అన్న మాట రెబ్కా పుస్తకంలో లేదు. ఉన్నదాన్నే కూడదీసుకుని, జీవితంలో కట్టిన అతి కష్టమైన వాక్యం కట్టింది. "కే అబ్రీయా కెరీదో ఉస్తెద్ కే ఇసియెరామోస్?" మేమేం చేసి ఉండాలని మీరు కోరుకుని ఉండేవారు?

అన్సెల్మో ఎర్రబడ్డ కళ్ళతో ఆవిడ వంక చూశాడు. ఈవిడకు ఇలా మాట్లాడితేనే అర్థమవుతుందని తోచింది కాబోలు, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, "కిసియెరా... కే మె త్రాహెరాన్... ఆగువా," అన్నాడు.

త్రాహెరాన్! తొమ్మిదో పాఠం. తీసుకురావడం. 'నాకు ఫలానాది తెస్తే బాగుండును' అని. తెచ్చే వస్తువైతే అది ఆగడమెలా అవుతుంది?

"మదార్‌బీ! నీళ్ళు!" అని అరిచింది రెబ్కా.

"ఆగమన్నారుగా టీచరమ్మా?" కదలకుండానే అడిగింది మదార్‌బీ.

"ఆగువా అంటే నీళ్ళే తల్లీ, రా!"

చెంబు ఖాళీ చేశాక అన్సెల్మో తేరుకుని పెద్దగా నవ్వాడు. తరవాత బేరానికి భాష అక్కర్లేకపోయింది. కాయ విరిచాడు, అరచేతిలో నలిపాడు, రంగు చూసి తల ఊపాడు. రెండు లారీల సరుకు ఖాయమైంది.

భోజనం దగ్గర మాత్రం వాళ్ళిద్దరూ రెండు గంటలు మాట్లాడుకున్నారు. నాన్న మిరపకాయల వ్యాపారం అంటగట్టి ఉండకపోతే తను వయొలిన్ వాయించి ఉండేవాణ్ణని ఆయన చెప్పాడు. వాల్తేరులో సీటు వచ్చినప్పుడు పంపించి ఉంటే నిఘంటువులు రాసి ఉండేదాన్నని ఆవిడ చెప్పింది. తెలుగులో ఆ మాట ఎవరితోనూ అని ఎరగదు.

"సరుకు గురించేనా?" మధ్యలో రెండుసార్లు అడిగాడు యలమందయ్య.

సాయంత్రం కారు వచ్చింది. అన్సెల్మో ఎక్కి కూర్చున్నాడు. "వెళ్ళి రమ్మను టీచరమ్మా," అన్నాడు యలమందయ్య.

ఆ మాటా మొదటి భాగంలోదే. రెబ్కా కాసేపు వెతుక్కుని, దగ్గర్లో దొరికింది అనేసింది. "ఓహలా నో సె ఫుయెరా ఉస్తెద్." మీరు వెళ్ళకుండా ఉంటే ఎంత బాగుండును.

అన్సెల్మో ముఖం మెత్తబడింది. కారు తలుపు తీసి, పెట్టె దింపుకున్నాడు.

"ఏమన్నావమ్మా?" నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు యలమందయ్య.

రెబ్కా అప్పటికే పెట్టెకు ఓ పక్క చెయ్యి వేసింది. "రేపు వెళ్తాడు లెండి. ముందు ఆ వంటామెకు చెప్పండి, రాత్రికి కూరలో కారం తగ్గించమని."