టైరు కింద రాయి

పాల్వంచ స్తెఫను ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదు. చర్చిలో కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నా ఆయన కాలు ఊగుతూనే ఉంటుంది. కిటికీలకు గ్రిల్స్ బిగించడం ఆయన పని. అడవి అంచు తండాల్లో ఆ పని చేయాలంటే డ్రిల్లు కంటే ముందు ఓపిక కావాలి, కరెంటు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి గనుక. దేవుడు స్తెఫనుకు అన్నీ ఇచ్చాడు గానీ ఓపిక ఇవ్వలేదు. గోడకు సగం రంధ్రం పడ్డాక కరెంటు పోయిందా, కాలుకాలిన పిల్లిలా ఆ ఇంటి చుట్టూ తిరిగేవాడు.

అందుకే రెండు వేల నాలుగు వేసవిలో ఖమ్మం వెళ్లి తన పాత వ్యాన్‌లో ఇన్వర్టర్ పెట్టించుకున్నాడు. బండి బ్యాటరీతోనే డ్రిల్లు తిప్పే పెట్టె అది. పనిలో పనిగా కొత్త బ్యాటరీ కూడా వేయించాడు. షాపతను క్రాంతికుమార్ బొటనవేలంత లావు కేబుళ్లు రెండు బయటికి తీసేసరికి స్తెఫను మొహం చిట్లించాడు.

"గింత లావెందుకు తమ్మీ? ఇండ్లల్ల వైరింగుకు వాడే వైరు నా బండిలనే ఉంది. అది ఎయ్యి."

"అది కాలిపోతదన్నా. బ్యాటరీ కాడ వోల్టులు తక్కువ, కరెంటు లాగుడు ఎక్కువ. ఇంకో మాట చెప్త, యాదుంచుకో. డ్రిల్లు నడిచినంతసేపు ఇంజిను నడుస్తనే ఉండాలె. బంద్ పెట్టి వాడితే బ్యాటరీ పండుకుంటది. ఇగ బండి లెవ్వదు."

"అవ్, అవ్," అన్నాడు స్తెఫను. ఆయన రెండుసార్లు అవ్ అన్నాడంటే ఒక్కసారి కూడా విననట్టే. ఆ సంగతి ఆయన భార్య మరియకు బాగా తెలుసు గానీ, ఆమె అక్కడ లేదు.

పాత బ్యాటరీ ఉన్నన్నాళ్లూ తాళం తిప్పితే బండి స్టార్టయ్యేది కాదు. అందుకని స్తెఫను ఎక్కడికెళ్లినా ముందు ఏటవాలు వెతికేవాడు. బండిని కిందికి మొహం పెట్టి ఆపి, ముందు టైరు కింద ఒక నల్లరాయి అడ్డం పెట్టేవాడు. బయల్దేరేటప్పుడు రాయి తీస్తే బండి దొర్లేది, దొర్లుతుండగా గేరు వేస్తే ఇంజిను అందుకునేది. పెళ్లిళ్లకు వెళ్లినా గుమ్మం ముందు ఆపిన పాపాన పోలేదు. పాపం మరియ పట్టుచీర కట్టుకుని ఎండలో నడిచేది. కొత్త బ్యాటరీ వచ్చిన రోజు ఆ రాయిని తీసి వాకిట్లోకి విసిరేశాడు.

"ఇన్నేండ్లు బండిని ఆపింది గదయ్యా, గట్ల ఇసిరికొడ్తవా?" అంది మరియ.

"ఇగ దానితోని మనకేం పనే," అన్నాడు.

మొదటి పని చండ్రుగొండ అవతల తండాలో, దేవ్లా కట్టుకున్న కొత్త స్లాబు ఇంట్లో. దేవ్లా భార్య సోనికి నెలలు నిండాయి. కాన్పు లోపల కిటికీలు అయిపోవాలని దేవ్లా తొందర. స్తెఫను ఈసారి ఏటవాలు వెతకలేదు. ఇంటి వెనక వాగు పల్లంలో, ఇప్పచెట్టు నీడన దర్జాగా బండి ఆపి, వైరు లాగాడు. నిలబడిన బండికి పెట్రోలు తగలేయడమెందుకని ఇంజిను కూడా ఆపేశాడు.

తండాలో కరెంటు లేదు. స్తెఫను డ్రిల్లు మాత్రం గిర్రున తిరుగుతోంది. ఆయన సంబరం చూడాలి. కాసేపటికి వ్యాన్‌లో పెట్టె కుయ్ కుయ్‌మంది. బ్యాటరీ అడుగంటుతోందని ఆ కూత. ఇంకొక్క రంధ్రం అనుకున్నాడు. అది కాగానే ఇంకొక్కటి అనుకున్నాడు. చివరి కిటికీ దగ్గర డ్రిల్లు ఆగిపోయింది.

అప్పుడే లోపల నుంచి దేవ్లా పరుగెత్తుకొచ్చాడు.

"స్తెఫనన్నా, బండి తియ్యి. సోనికి నొప్పులొచ్చినయ్. రక్తం పోతుంది. మా అమ్మ తనతోని కాదంటుంది."

దేవ్లా తల్లి తండాలో సగం మందికి పురుడు పోసిన మనిషి. ఆమే కాదందంటే ఇక ఆలోచించడానికి లేదు. సోనిని మంచం మీద మోసుకొచ్చి వ్యాన్‌లో పడుకోబెట్టారు. స్తెఫను తాళం తిప్పాడు. టిక్కుమంది, అంతే. మళ్లీ తిప్పాడు. టిక్కు.

 తండా అంతా వచ్చి నెట్టింది. నెట్టినకొద్దీ టైర్లు ఇసుకలో కూరుకుపోయాయి. వెనక సోని మూలుగుతోంది. ఒక్క రంధ్రం, ఒక్క రంధ్రం అంటూ తానే ఈ పిల్ల ప్రాణం తోడేశానని స్తెఫను తల బాదుకున్నాడు.

తండాలో ఉన్న ఇంకో బండి కోటేష్ ట్రాక్టరు. దాని ఇంజిను విప్పి గోనెసంచి మీద పరిచి ఉంది, సామాన్లు రావాలట. స్తెఫను చూపు దాని బ్యాటరీ మీద పడింది. ఇంజిను లేకపోతే ఏం, బ్యాటరీ బతికే ఉంది.

"జల్దీ ఆ బ్యాటరీ పట్టుకరాండ్రి," అని, తాను వ్యాన్‌లోకి దూరి ఇన్వర్టర్ కేబుళ్లు విప్పసాగాడు. పానా జారి వేళ్లు చీరుకున్నాయి. వద్దని గొణిగిన ఆ లావు కేబుళ్లతోనే ట్రాక్టరు బ్యాటరీని తన బ్యాటరీకి కలిపాడు. తాళం తిప్పాడు. ఇంజిను అందుకుంది. అందరూ ఒక్క తోపు తోయగానే బండి ఇసుక దాటింది.

పాల్వంచ దవాఖానాలో సోనిని లోపలికి తీసుకుపోయారు. స్తెఫను వ్యాన్ దిగలేదు, ఇంజిను ఆపలేదు. వాచ్‌మన్ వచ్చి కసిరినా ఆపలేదు. ఎండ వాలేదాకా స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఎట్టకేలకు దేవ్లా బయటికొచ్చాడు.

"ఆడపిల్లన్నా. ఇద్దరు మంచిగున్నరు. నువ్వు లేకుంటే ఏమైతుండెనో. బంద్ చేసి రా, పిల్లను చూద్దువు."

నేను లేకుంటే కాదు, నా వల్లనే అని చెప్పబోయాడు.  చెయ్యి తాళం దాకా పోయి వెనక్కి వచ్చింది.

"ఆగు, ఇప్పుడే వస్త," అని బండిని దవాఖానా వెనక సందులోకి తిప్పాడు. అది ఏటవాలు. కిందికి మొహం పెట్టి ఆపి, అడ్డం పెట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని సీటు కింద తడిమాడు. చేతికి నల్లరాయి తగిలింది. తాను వాకిట్లో పారేసిన రాయే, శుభ్రంగా కడిగి, పాత చీరపేలికలో చుట్టి ఉంది. మరియ పని.

దాన్ని టైరు కింద పెట్టి, తాళం తిప్పి ఇంజిను ఆపాడు. తర్వాత ఆ రాయి పక్కనే రోడ్డు మీద కూలబడి, చీరపేలిక మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.