శుక్రుడి మీద కిటికీ

"రేపు అమ్మని కంటి డాక్టరుకి చూపించాలి. నువ్వు సెలవు పెట్టెయ్," అన్నాడు నా భర్త, నేను ఇస్త్రీ చేస్తున్న చొక్కా కోసం చెయ్యి చాపి.

రేపు కుదరదన్నాను.

శుక్రగ్రహం మీద దిగబోయే యంత్రానికి కెమెరా కిటికీ తయారుచేసేది నేను. అక్కడ సీసం కరిగిపోయేంత వేడి. మన గాలికి తొంభై రెట్ల ఒత్తిడి. ఆ కిటికీ రెండు గంటలు తట్టుకుంటే చాలు, అక్కడి నేల ఎలా ఉంటుందో చూడగలం. కిందటి పరీక్షలో నలభయ్యో నిమిషానికే అద్దం పగిలింది. అద్దం మందం పెంచమన్నారు అందరూ. లోపం అద్దంలో లేదు, వేడికి దాని చుట్టూ ఉన్న లోహపు చట్రం వేరే తీరున సాగుతోందని తేల్చడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఆ లెక్కల్లో సగం వంటింటి గట్టు మీద, పాలు పొంగకుండా ఒక కంట కనిపెడుతూ వేసినవే. కొత్త చట్రం గీశాను. రేపే దాని పరీక్ష.

"అది పైకి వెళ్ళేది ఐదేళ్ళ తర్వాత కదా! ఒక్కరోజుకే కొంప మునిగిపోతుందా?" అన్నాడు.

ఇన్నేళ్ళూ ఈ కొంప మునగనిది నా సెలవులతోనే. పిల్లకి జ్వరమొచ్చినా, ఆడపడుచు పురుడైనా, "నీ ఆఫీసువాళ్ళు సర్దుకుంటార్లే" అనేవాడు. సర్దుకున్నది ఆఫీసు కాదు, నేను.

"నా కళ్ళకేం తొందర్లేదు గానీ, ఆడదానికి ఇంత పట్టుదల పనికిరాదమ్మా," అన్నారు అత్తగారు సోఫాలోంచి.

ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపేశాను. చొక్కాకి ఇంకా చేతులు మిగిలే ఉన్నాయి.

"మీ అమ్మగారిని మీరే తీసుకెళ్ళండి," అన్నాను.

మర్నాడు పదింటికి కిటికీని లోపల పెట్టి, శుక్రుడి మీది వేడీ ఒత్తిడీ పుట్టించే పరీక్ష గది ఇనుప తలుపు బిగించారు. సరిగ్గా ముప్పై తొమ్మిదో నిమిషంలో ఫోను. "అమ్మ పాత కళ్ళద్దాల చీటీ ఎక్కడ పెట్టావ్?"

"వెతకండి," అని పెట్టేశాను. నలభై దాటింది. అరవై దాటింది. నూట ఇరవయ్యో నిమిషానికి కూడా అద్దం మీద గీత పడలేదు. పక్కనున్న టెక్నీషియన్ ఈల వేసింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

మా పెద్దసారు నివేదిక ముందేసుకుని, రూపకల్పన చేసినవారి గడిలో 'బృందం' అని రాసి పెన్నుకి మూత పెట్టారు.

"అక్కడ నా పేరుండాలి సార్."

"పేర్లెందుకమ్మా? మనమంతా ఒక కుటుంబం."

"కుటుంబంలో పని ఎవరికి మిగులుతుందో, పేరు ఎవరికి వస్తుందో నాకు బాగా తెలుసు సార్. అందుకే రాయమంటున్నాను."

ఆయన బల్ల మీది కాగితాలు అటూ ఇటూ సర్దారు. గడియారం చూసుకున్నారు. ఆయన పెన్ను మూత తీసేదాకా నేను అక్కడినుంచి కదల్లేదు.