చివరి పేజీ కార్బన్

గోదావరి వేళ్లకు రెండు రకాల మసి అంటుకునేది. పొద్దున పొయ్యిమసి, పగలు కార్బన్ మసి. పొయ్యిమసి బూడిదతో తోమితే పోయేది. కార్బన్ మసి మాత్రం గోళ్ల సందుల్లో నీలంగా మిగిలిపోయి, సాయంత్రం పిండి కలిపేవేళకు అత్త రాధాబాయి కంట పడేది. "కచేరి రంగు రొట్టెలకు ఎక్కుతది. సబ్బువెట్టి కడుగు," అనేది ఆవిడ. ఆ సబ్బూ ఆ జొన్నలూ కచేరి జీతంతోనే వస్తున్నాయన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. గోదావరి కూడా ఎత్తలేదు. ఎత్తితే ఏం జరుగుతుందో చూసే తీరిక ఆమెకు ఎప్పుడూ దొరకలేదు మరి.

నిజామాబాదుకీ బోధనుకీ నడుమ, నిజాంసాగర్ కాలువ నీళ్లతో చెరకు పండించుకునే చిన్న ఊరు వాళ్లది. ఆ ఊరి మున్సిఫ్ కోర్టులో ఆమె టైపిస్టు. ఐదేళ్లుగా ఆ పెంకుటింటి కచేరీలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, తీర్పులన్నీ ఇంగ్లీషులో టైపు కొట్టేది. ఒక కార్బన్ పదిహేను ఇరవై సార్లు వాడేసరికి అచ్చు మీద అచ్చు పడి ఏ అక్షరమూ తెలియకుండా పోతుంది. అట్లా అరిగినవాటిని పారేయకుండా ఇంటికి తెచ్చేది. వాడకట్టులోని ఆడవాళ్లు వాటితో గుడ్డల మీద పూలూ నెమళ్లూ అచ్చు దించుకుని దారాలతో కుట్టుకునేవాళ్లు. గోదావరి కార్బన్ తగలని దిండు గలీబు ఆ గల్లీలో లేదంటే నమ్మాలి. పక్కింటి గౌహర్ అయితే కూతురి పెండ్లి దుపట్టాలన్నీ వాటితోనే కుట్టింది.

చివరి పేజీకి మాత్రం గోదావరి ఎప్పుడూ కొత్త కార్బన్ పెట్టేది. ఎవరు గెలిచారో ఎవరు ఓడారో ఉండేది ఆ పేజీలోనే. అది ప్రతి కాపీలోనూ స్పష్టంగా పడాలని ఆమె పంతం. ఆ పేజీ చెప్పేటప్పుడు మున్సిఫ్ గారు లేచి తలుపు మూసేవారు. ఆయన ఎక్కడో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన నడివయసు మనిషి. ఎవరింట్లోనూ చాయ్ తాగరు, కూరగాయలు తనే సంచిలో తెచ్చుకుంటారు. ఊళ్లో పెద్దలకు ఆయనంటే చిరాకు.

ఆ సంవత్సరం, అంటే డెబ్బై మూడు ఎండాకాలంలో, ఢిల్లీ పెద్ద కోర్టులో ముగ్గురు సీనియర్ జడ్జీలను పక్కన పెట్టి వాళ్ల తరువాతి ఆయన్ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. వకీళ్లు వరండాలో రెండు రోజులు గుంపులు కట్టి మాట్లాడుకున్నారు. మున్సిఫ్ గారు ఏమంటారో అని అందరూ చూశారు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "వాళ్ల కుర్చీల సంగతి వాళ్లు చూసుకుంటారు. మన కుర్చీలు మనం చూసుకుందాం, గోదావరమ్మా," అన్నారు. 'మన' అన్నారు. ఇంట్లో 'మన ఇల్లు' అంటే పని చెయ్యవలసిన ఇల్లు అని అర్థం. ఇక్కడ ఎవరో తన కుర్చీని కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఆ మాట ఆమె మనసులో పడి ఉండిపోయింది.

చలికాలం వచ్చేసరికి హన్మవ్వ కేసు తీర్పుకు వచ్చింది. హన్మవ్వకు డెబ్బై ఏళ్లు, పిల్లలు లేరు. కాలువ కింద నాలుగెకరాలు తన పెనిమిటివని ఆమె. ఆయన బతికుండగానే వేలిముద్ర వేసి నాకు అమ్మాడని రాజారాం పటేల్. పొలంలో పటేల్ చెరకు నరకడానికి సిద్ధంగా నిలబడి ఉంది. ఆరేళ్లుగా వాయిదా వాయిదాకూ ఆ ముసలామె మూడు కోసులు నడిచొచ్చి, వరండా మెట్టు మీద కూర్చుని, "ఇయ్యాలనా బిడ్డా?" అని గోదావరిని అడిగేది. "ఇంకా కాదు అవ్వా," అనేది గోదావరి.

ఆ రాజారాం పటేలే చెరకు రైతుల సంఘానికి పెద్ద. గోదావరి భర్త ఆత్మారాం ఆ సంఘంలోనే టెంపరరీ గుమాస్తా. పర్మినెంట్ చేస్తానని పటేల్ మూడేళ్లుగా ఊరిస్తున్నాడు. తీర్పు సోమవారం అని తెలిసినప్పటినుంచీ ఆత్మారాం పెళ్లాం చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మొదటిరోజు నవ్వుతూ అడిగాడు. రెండోరోజు, "మొగనికి చెప్పని ముచ్చట పెండ్లానికి ఏముంటదే?" అన్నాడు. మూడోరోజు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. నాలుగోరోజు, "నోటితోని చెప్పకు. తల ఊపు. పటేల్ దిక్కా, ముసల్దాని దిక్కా? తల ఊపితె పాపమేం లేదు," అన్నాడు. ఆమె తల వంచి బియ్యంలో రాళ్లు ఏరుకుంది. అప్పుడు అతనికి కోపం వచ్చింది. "ఢిల్లీలనే జడ్జీలను అవుతల వెట్టిండ్రు. ఎవలేం జేసిండ్రు? గంత పెద్ద కోర్టుకే దిక్కులేదు, టక్కుటక్కు మిషన్ కొట్టే నీకెందుకే గింత పట్టింపు? నువ్వేమన్న జడ్జివా?"

కాదు. ఆమె జడ్జి కాదు. కానీ మున్సిఫ్ గారి నోటి నుంచి మాట బయల్దేరి కోర్టు హాల్లో నలుగురి చెవిన పడేదాకా అది తన చేతుల మీదుగానే పోవాలి. ఆ దారిలో ఒక్క చోట చిల్లు పడితే పైన కూర్చున్న మనిషి ఎంత నిజాయితీపరుడైతే ఏం లాభం? ఈ సంగతి భర్తకు చెబుదామనుకుంది. చెప్పేలోగా అత్త నీళ్లు కావాలని పిలిచింది.

శనివారం మున్సిఫ్ గారు చివరి పేజీ చెప్పేసరికి ఐదయింది. ఆ పొద్దున్నే అత్త ఆర్డరు వేసింది: "నాలుగ్గొట్టంగనే ఇంట్ల ఉండాలె. పటేల్ బువ్వకు వస్తుండు." ఎవరిని అడిగి పిలిచారని గోదావరి అడగలేదు. పిలిచేది వాళ్లు, వండేది తను, ఇది పెళ్లయిననాటి నుంచీ ఉన్న ఏర్పాటే. పేజీ తీసి సంతకానికి ఇచ్చింది. వంకాయలు ఎప్పుడు కొయ్యాలి, పప్పు ఎప్పుడు ఉడకాలి అని బుర్రలో లెక్క వేసుకుంటూ, గౌహర్‌కు ఇస్తానన్న కార్బన్లు సంచిలో వేసుకుని పరుగెత్తింది. అరిగినది ఒకటి సంచిలోకి వెళ్లింది. దానితోపాటు వెళ్లిన రెండోది సొరుగులోకి వెళ్లవలసిన కొత్తది. ఒకే ఒక్కసారి అచ్చు పడ్డది.

పటేల్ తిన్నాడు. "చెల్లె చేతివంట మంచిగున్నది," అన్నాడు. కేసు మాట ఎత్తలేదు. గోదావరి ఆశ్చర్యపోయింది కూడా.

ఆదివారం పొద్దెక్కాక గౌహర్ దుపట్టా పట్టుకుని వచ్చింది. "నా కార్బన్ ఏదీ గోదావరీ? పొద్దుగాల మీ ఆత్మారాం భాయ్ దాన్ని కిటికీకి వెట్టి సూస్తుండె. గాయనకు పూలు కుట్టుడు ఎప్పటిసంది వచ్చిందమ్మా?" అని నవ్వింది.

గోదావరి నవ్వలేదు. కార్బన్ కిటికీలో, అద్దం వెనక దొరికింది. వెలుగుకు పట్టింది. తను కొట్టిన అక్షరాలు, ఒక్కటి కూడా చెరగకుండా, నీలిరంగు కాగితంలో సన్నటి వెలుతురు గీతలై కనబడ్డాయి. ఆ వేలిముద్ర హన్మవ్వ భర్తది కాదు, నాలుగెకరాలూ హన్మవ్వవే, పటేల్ వాటిని వెంటనే అప్పజెప్పాలి. కింద తేదీ. గౌహర్‌ను తర్వాత రమ్మని పంపేసి గోడకు ఆనుకుని కూర్చుంది.

మధ్యాహ్నం ఆత్మారాం ఈల వేసుకుంటూ వచ్చాడు. ఆమె చేతిలో కార్బన్ చూసి కూడా ఈల ఆపలేదు.

"పటేల్‌కు చెప్పిండ్రా?"

"చెప్పిన. నేనేమన్న దొంగతనం జేసిన్నా? ఇంట్లున్న కాయితం సదివిన. నువ్వయితె చెప్పలే గదా. నీ మాట నీకే ఉన్నది."

"ఇప్పుడేం జేస్తడు ఆయన?"

అతను దాచలేదు. దాచవలసినంత మనిషని ఆమెను అనుకోలేదేమో. "రేపు పొద్దుగాల నిజామాబాదుల, జిల్లా కోర్టుల దరఖాస్తు వడ్తది. ఈ మున్సిఫ్ మీద నమ్మకం లేదు, కేసు ఇంకో కోర్టుకు మార్చుండ్రి అని. ఈడ ఆయన వకీలు తీర్పు ఆపుమని కాయితమిస్తడు. ఆ గొడవ తేలేవరకు రొండేండ్లయితది. ముసల్ది అన్ని రోజులుంటదా?" కూర్చుని చెప్పులు విప్పాడు. "గీ నెలల నా పర్మినెంట్ ఆర్డరొస్తది. నువ్వు ఏమీ తెల్వనట్టుండు సాలు. చెప్పినవనుకో, పోయే నౌకరి నీదే. నాది కాదు."

అది నిజం. గోదావరి పొయ్యి దగ్గరికి వెళ్లింది. కార్బన్ నిప్పులో పడేస్తే ఒక్క నిమిషం. పొగ కూడా ఎక్కువ రాదు. ఎవరికీ తెలియదు. కిటికీ పక్క కుర్చీ తనకే ఉంటుంది. పొద్దున పదింటి నుంచి ఐదింటి దాకా ఎవరికీ చాయ్ పెట్టక్కరలేని ఒకే ఒక్క చోటు అది. దాని కోసం రాత్రి గిన్నెలు తోమి టైపు పరీక్షకు చదివింది, ఒళ్లు కాలే జ్వరంతో నిజామాబాదు బస్సులో నిలబడి వెళ్లి ఆ పరీక్ష రాసింది. ఆ కుర్చీ కాపాడుకోవాలంటే నోరు మూసుకోవాలి. వారం రోజులు నోరు మూసుకోవడమే తన ధర్మం అనుకుంది. ఇప్పుడు అదే నోరు మూసుకోవడం పటేల్‌కు పనికొస్తుంది. రేపు హన్మవ్వ మెట్టు మీద కూర్చుని "ఇయ్యాలనా బిడ్డా?" అంటుంది. అప్పుడు తను ఏ మొహంతో "ఇంకా కాదు అవ్వా" అనాలి? ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. భర్త మీద సగం, వంకాయల కోసం పరుగెత్తిన తన మీద సగం. కార్బన్ మడతపెట్టకుండా రెండు అట్టల మధ్య పెట్టి సంచిలో దాచింది.

గుమ్మంలో రాధాబాయి నిలబడి ఉంది. అంతా విన్నదని మొహం చూస్తేనే తెలుస్తోంది. తిట్టబోతోందనుకుంది గోదావరి. ఆవిడ పొయ్యి వైపు చూసి, "మా అన్నదమ్ములు నాతోని గూడ ఒకపారి వేలు వెట్టిచ్చుకున్నరు. ఆ కాయితంల ఏమున్నదో నాకు ఇప్పటికి తెల్వది," అని లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం గోదావరి పిండి జల్లించి గిన్నెలో పెట్టి ఎనిమిదిన్నరకే చెప్పులు వేసుకుంది. "రొట్టెలెవరు జేస్తరే?" అన్నాడు ఆత్మారాం. "పిండి ఉన్నది, పొయ్యి ఉన్నది," అని ఆమె బయటికి నడిచింది.

మున్సిఫ్ గారు సైకిలు దిగగానే అంతా చెప్పింది. కార్బన్ బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని వెలుగుకు పట్టి చివరి వాక్యం దాకా చదివి, మళ్లీ అట్టల మధ్య పెట్టారు. కోప్పడితే బాగుండుననిపించింది ఆమెకు.

"ఇది బయటపడిందని తీర్పులో ఒక్క అక్షరం మార్చను. బయటపడిన సంగతి దాచనూ దాచను," అన్నారు చివరికి. "జరిగింది రాసివ్వండి. కోర్టులో అందరి ముందూ చదివి ఫైల్లో పెడతాను. పటేల్‌కు అది అప్పీల్లో పనికొస్తే పనికొస్తుంది. మీ మీద విచారణ జరుగుతుంది. మీరు నా దగ్గర పనిచేసే మనిషి కాబట్టి ఆ విచారణ నేను చెయ్యకూడదు, జిల్లా జడ్జి గారు చేస్తారు. ఇది రాసిచ్చాక, విచారణ తేలేదాకా మీరు ఆ కుర్చీలో కూర్చోవడానికి లేదు."

"తెలుసు సార్."

"మీవారి పేరు..." ఆయన ఆగారు. రాయమని గానీ వద్దని గానీ ఆయన అనకూడదని ఆమెకు అర్థమైంది.

"రాస్తాను సార్," అంది.

కిటికీ పక్క కూర్చుంది. ఐదేళ్లలో మొదటిసారి, ఎవరూ చెప్పకుండా, తన మాటలే తను టైపు కొట్టింది. కొత్త కార్బన్ తీసి రెండు కాగితాల మధ్య పెట్టింది. అరిగినవి ఎవరెవరికి ఇచ్చేదో, అరగనిది ఎట్లా కలిసిందో, దాన్ని ఎవరు చదివారో, ఎవరికి చేరవేశారో అన్నీ రాసింది. భర్త పేరు దగ్గర వేళ్లు ఆగుతాయనుకుంది. ఆగలేదు.

పదిన్నరకు మున్సిఫ్ గారు బెంచీ ఎక్కి మొట్టమొదట హన్మవ్వ కేసే పిలిపించారు. పటేల్ వకీలు లేచి, జిల్లా కోర్టులో దరఖాస్తు పడుతోందని, తీర్పు ఆపమని కాగితం చాపాడు. పడుతోందా, పడిందా, అక్కడి నుంచి ఉత్తర్వు ఏమైనా వచ్చిందా అని అడిగారాయన. ఇంకా లేదన్నాడు వకీలు. ఆయన ఆ కాగితం ఫైల్లో చేర్చి, ముందు గోదావరి రాసిచ్చింది చదివారు. హాలంతా తిరిగి ఆమె వైపు చూసింది. తలుపు దగ్గర నిలబడ్డ ఆత్మారాం వైపు కూడా చూసింది. ఆమె తల దించలేదు. తర్వాత తీర్పు చదివారు, చివరి పేజీ చివరి వాక్యం దాకా.

హన్మవ్వకు ఇంగ్లీషు రాదు. వరండా మెట్టు దగ్గర గోదావరి చేయి పట్టుకుని, "ఏమన్నరు బిడ్డా? ఇయ్యాలనా?" అంది.

"ఇయ్యాలనే అవ్వా. భూమి నీదే అన్నరు." ఆ మాట గోదావరి గట్టిగానే అంది. ఇక అది ఎవరైనా వినవచ్చు. హన్మవ్వ ఆ నీలిరంగు వేళ్లను తన చెంపకు ఆనించుకుంది.

ఆత్మారాం జనంలోంచి వచ్చి పక్కన నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది. "నా పేరు రాసినవా?" అని గొంతు తగ్గించి అడిగాడు. "నౌకరి పాయె, ఇజ్జత్ పాయె. ఏమేం రాసినవ్ అండ్ల?"

గోదావరి సంచిలోంచి ఒక తెల్ల కాగితం తీసి అతని చేతిలో పెట్టింది.

"వారం రోజులసంది అడుగుతుండ్రు గదా, ఏం టైపు కొట్టిన్నని. ఇగో, కాపీ. దీన్ని కిటికీకి వెట్టే పనిలేదు."