పూతరేకుల తగువు

నేను ఒక పెన్‌డ్రైవ్‌ని. చిటికెన వేలంత ఉంటాను. పేరులో పెన్ను ఉందని నన్ను చదువుకున్నవాడి కింద లెక్క వెయ్యకండి. ఇంతవరకూ నాతో ఎవరూ ఒక్క అక్షరం రాసిన పాపాన పోలేదు. సముద్రాల అవతల ఏదో కర్మాగారంలో లక్షలమంది అన్నదమ్ములతో కలిసి పుట్టాను. వాళ్ళలో ఎవరు ఏ గొప్ప ఆఫీసులో కుదిరారో నాకు తెలియదు. నేను మాత్రం తణుకు బస్టాండు ఎదురుగా ఒక సెల్ షాపులో, ఇయర్‌ఫోన్లకీ దేవుడి స్టిక్కర్లకీ మధ్య కొక్కేనికి వేలాడుతూ కళ్ళు తెరిచాను.

నన్ను మొదట కొన్నవాడు బాబ్జీ. పెళ్ళిళ్ళకి వీడియోలు తీయడం అతని వృత్తి. పెళ్ళంటే ఏమిటో నేను అతని దగ్గరే నేర్చుకున్నాను. పెళ్ళంటే పెళ్ళికూతురు మెట్లు దిగుతూ పదేపదే వెనక్కి తిరిగి నవ్వడం. పెళ్ళికొడుకు నల్లకళ్ళజోడు పెట్టుకుని, ఎవరూ తరమకపోయినా కొబ్బరితోటలో పరిగెత్తడం. తాళి ముహూర్తానికి ఒకసారి, బాబ్జీ కోసం ఇంకోసారి కట్టడం. ఇంటికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చోగానే బాబ్జీ చేసే మొదటి పని పెళ్ళి నోరు నొక్కెయ్యడం. మంత్రాలు, మేళం, పిల్లల ఏడుపులు, అత్తగార్ల సణుగుడు ఒక్క దెబ్బతో మాయమయ్యేవి. ఆ ఖాళీలో సినిమా పాట పోసేవాడు. మేళం వాళ్ళకి తాంబూలమిచ్చి పిలిచిందీ, పొద్దుటినుంచీ వాయించిందీ ఎందుకని ఎవరూ అడగలేదు. మనుషులు పెళ్ళిని చూసుకుంటారు గానీ వినరని అప్పుడే అర్థమైంది.

అలా తయారైన ఒక పెళ్ళిని నాలో నింపి, వెల్వెట్ పెట్టెలో పెట్టి, బాబ్జీ నన్ను పేర్రాజుగారికి ఇచ్చాడు. ఆయన కూతురి పెళ్ళే అది. ఊళ్ళో పరువు గలవాడు, నోరు అంతకంటే గలవాడు. ఇంటిల్లిపాదీ ఆ వీడియో ఒకసారి చూశారు. రెండోసారి చూసినప్పుడు ఎవరి చీర ఎవరిదానికంటే బాగుందన్న విషయంలో మాటలు తేడా వచ్చాయి. ఆ తర్వాత నేను వెల్వెట్ పెట్టెతో సహా బీరువాలోకి వెళ్ళి కలరా ఉండల వాసన పీలుస్తూ ఉండిపోయాను.

అక్కడినుంచి నాకు విముక్తి కలిగించినవాడు గవర్రాజు. పాత మార్కెట్టు వీధిలో అతనికి సెలూను ఉంది. పేర్రాజుగారు గడ్డం గీయించుకునేది అక్కడే. ఆ సెలూన్లో గోడకి ఒక టీవీ ఉండేది. కేబులు కనెక్షను ఉన్నన్నాళ్ళూ అందులో వార్తలు వచ్చేవి, కుర్చీల్లో పార్టీలు వచ్చేవి. సగం గడ్డం గీసిన మనిషి ఎదుటి పార్టీవాడి మీదికి లేస్తుంటే, చేతిలో కత్తితో గవర్రాజు వణికిపోయేవాడు. ఎందుకొచ్చిన గొడవని కేబులు పీకించేశాడు. ఫోనులో కామెడీ ముక్కలు డౌన్‌లోడ్ చేసి, ముందూ వెనకా కత్తిరించి, ఒకదాని తర్వాత ఒకటి ఆగకుండా ఆడించాలని నిర్ణయించాడు. నవ్వే మనిషికి పార్టీ గుర్తుకు రాదని అతని సిద్ధాంతం. దానికి పెన్‌డ్రైవ్ కావాలంటే పేర్రాజుగారు ఉదారంగా నన్ను ఇచ్చేశారు. వెల్వెట్ పెట్టె మాత్రం ఉంచుకున్నారు.

గవర్రాజు ఫోను ఎప్పుడూ నిండుగర్భిణి. కొత్త ముక్క దింపాలంటే పాతది తియ్యాలి. అందుకని ఎప్పటికప్పుడు నాలోకి తోసేసి ఫోనులో చెరిపేసేవాడు. కోతి అద్దంలో చూసుకునేది, తాగినవాడు గేదెకి దారి చెప్పేది, ఇలాంటి సాహిత్యమంతా నాలో చేరింది. టీవీ వెనక సందులో బల్లితో కాపురం పెట్టాను. చివరి ముక్క కాగానే మళ్ళీ మొదటిది. తలలు మారేవి, నవ్వులు మారేవి కావు.

వాటన్నిట్లోకీ ఎక్కువ నవ్వులు సంపాదించింది పూతరేకుల తగువు. పేర్రాజుగారి కూతురి పెళ్ళి భోజనాల్లో ఆయన మేనల్లుడు ఫోనుతో తీసింది. పెళ్ళికొడుకు బావగారు, విస్తట్లో పూతరేకు పడలేదని లేచి నిలబడ్డాడు. అడిగిన పద్ధతి బాగోలేదని పేర్రాజుగారు లేచి నిలబడ్డారు. ఒకరి చేతికి పప్పు, ఇంకొకరి చేతికి గోంగూర. ఇద్దరూ ఆ చేతులే ఊపుతూ వంశాల దాకా వెళ్ళారు. కొన్నాళ్ళు ఆ ముక్క ఊరంతా తిరిగింది. పేర్రాజుగారు ఇంటింటికీ వెళ్ళి నిలబెట్టి చెరిపించారు. మేనల్లుడి ఫోనులో అయితే స్వహస్తాలతో చెరిపారు. ఆ దాడినుంచి తప్పించుకున్నది నాలో ఉన్నదొక్కటే. ఆయన సెలూను మెట్లెక్కే చప్పుడు వినగానే గవర్రాజు రిమోట్ నొక్కి దాన్ని దాటించేవాడు. ఆయన కోతిని చూసి నవ్వేవారు.

సెలూన్లో ఒక మూల కుర్చీ ఉంది. అది క్షవరానికి వచ్చే బేరాలకి కాదు. గవర్రాజు తండ్రి కోటిలింగంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో సన్నాయి అంటే కోటిలింగమే. పేర్రాజుగారి అమ్మాయి పెళ్ళే ఆయన ఆఖరి మేళం. ఆ తర్వాత నెల తిరక్కుండా పక్షవాతం వచ్చి మూతి ఒక పక్కకి లాగేసింది. చెయ్యి కొంత తిరిగి వచ్చింది, మాట ముద్దముద్దగా వచ్చింది, పెదవుల మధ్య గాలి మాత్రం నిలవలేదు. సన్నాయి గుడ్డ సంచిలో చుట్టి అద్దం పక్కన మేకుకి తగిలించారు. ఆయన దాన్నీ చూసేవాడు కాదు, టీవీనీ చూసేవాడు కాదు, వీధి చూసేవాడు.

ఒకరోజు గవర్రాజు నాలో ఇంకా జాగా ఉందా అని వెతుకుతుంటే అడుగున ఉన్న పెళ్ళి వీడియో బయటపడింది. నొక్కి చూశాడు. మండపం మూల బుగ్గలు పూరించి సన్నాయి ఊదుతున్న కోటిలింగం కనిపించాడు. గవర్రాజు చేతిలో దువ్వెన జారిపోయింది. తండ్రిని పిలిచి చూపించాడు. టీవీలోంచి వచ్చింది మాత్రం, ప్రియుడి కోసం వానలో ఎదురుచూస్తున్న ఎవరో అమ్మాయి పాట.

ఆ రోజునుంచి అతనికి ఒకటే పట్టుదల. తండ్రి సన్నాయిని తండ్రికి ఒక్కసారి వినిపించాలి. కుర్చీలో కూర్చున్న ప్రతి తలనీ మీ ఇంట్లో పెళ్ళికి మేళం ఎవరని అడిగేవాడు. జనం సంతోషంగా వీడియోలు పంపారు. తమ పెళ్ళి ఇంకొకరు చూస్తామంటే మనిషికి కలిగే ఆనందం ఇంతా అంతా కాదు. యూట్యూబులో పెట్టినవీ దింపాడు. అన్నిట్లోనూ కోటిలింగం ఉన్నాడు. ఒకదాంట్లో నిండుగా, ఒకదాంట్లో పురోహితుడి వెనక సగం, ఒకదాంట్లో మోచెయ్యి వరకే. అన్నిటి మీదా సినిమా పాటలే. ఒక పెళ్ళిలో అయితే ఆయన ఊదుతుంటే ఇంగ్లీషు పాట వచ్చింది.

బాబ్జీ దగ్గరికి వెళ్ళి అసలు శబ్దం ఉందా అని అడిగాడు. అతను జాలిగానే చూశాడు.

"ఒరిజినల్ ఎవడు దాస్తాడు బావా? జాగా ఎక్కడిది? సన్నాయి ఉంచితే పెళ్ళి పార్టీవాళ్ళు ఒప్పుకోరు. పాత సినిమాలా ఉందంటారు."

బాబ్జీ సొంత పెళ్ళికి వాయించిందీ కోటిలింగమేనని గవర్రాజు గుర్తు చెయ్యలేదు. ఆ వీడియో కూడా చూసేశాడు మరి.

చేసేది లేక తండ్రి కనిపించే ముక్కలన్నీ కత్తిరించి, వరసగా అతికించి నాలో పెట్టి ఆడించాడు. పాటలు కాకపోయినా మనిషి ఉన్నాడు కదా అనుకున్నాడు. పెద్దాయన కాసేపు చూసి, శబ్దం పూర్తిగా తీసెయ్యమని సైగ చేశాడు. మూగ టీవీలో తన వేళ్ళనే చూస్తూ, ఏ రాగమో ఒక్కొక్కటే గొణిగాడు. మోహన అన్నాడు. కల్యాణి అన్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"వేళ్ళు నావేరా. పాటే ఎవరిదో. ఇన్నేళ్ళూ ఊదిందంతా గాలికే పోయింది."

ఆ పూటనుంచి అన్నం సగానికి తగ్గించేశాడు. కోడలు మంగతాయారు ఎంత బతిమాలినా పళ్ళెం పక్కకి జరిపేసేవాడు. గవర్రాజు మళ్ళీ కోతిని ఆడించుకున్నాడు. బేరాలు నవ్వుతూనే ఉన్నారు. నాకు నవ్వు మీద విరక్తి పుట్టింది అక్కడే.

మంగళవారం క్షవరం చేయించుకోకూడదని మనవాళ్ళ నియమం. ఎవరు పెట్టారో గానీ, ఆయనకి నేను రుణపడి ఉన్నాను. ఆ మంగళవారం సెలూను సగం తలుపు వేసి ఉంది. గవర్రాజు కత్తెరలు నూరుకుంటూ, అలవాటు కొద్దీ నన్ను ఆడించాడు. బేరాలు లేరు, నవ్వేవాళ్ళు లేరు, ట్రిమ్మర్ల రొద లేదు. కోతి అయింది, గేదె అయింది, పూతరేకుల తగువు మొదలైంది. కోటిలింగం వీధి వైపునుంచి తల తిప్పాడు. మంచిగా ఉన్న చెయ్యి పైకెత్తాడు.

"కత్తెర ఆపు" అన్నాడు.

ఆపాక గవర్రాజుకీ వినిపించింది. పేర్రాజుగారి కేకల అడుగున, విస్తళ్ళ చప్పుడు అడుగున, సన్నాయి. పక్కన డోలు కూడా లేదు. భోజనాల వేళ మేళం ఎవరూ వినరు. ఆ వేళే తనకి నచ్చింది వాయించుకునేవాడు కోటిలింగం. కానడ రాగాన్ని తొందర లేకుండా, తన కోసమే విప్పుకుంటూ పోతున్నాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు గవర్రాజు జిల్లా అంతా వెతికాడు. పిల్లాడు రోజూ టీవీలో ఏడుస్తూనే ఉన్నాడు. ఊరు ఆ ఏడుపు మీద నవ్వుతూనే ఉంది.

ఆ పూట తండ్రీ కొడుకులు దాన్నే మళ్ళీ మళ్ళీ విన్నారు. పెద్దాయన కళ్ళనుంచి నీళ్ళు వంకర మూతి మీదుగా కారాయి, తుడుచుకోలేదు. మధ్యాహ్నం మంగతాయారు తెచ్చిన అన్నం మొత్తం తిన్నాడు.

అయితే ఆనందం వచ్చిన మనిషికి జాగ్రత్త రాదు. ఇంకో చోట దాచుకోవాలన్న ఆలోచన గవర్రాజుకి తట్టనేలేదు. మర్నాడు పొద్దున్నే తలుపు తీసి, ఆ ఒక్క ముక్కనే ఆగకుండా తిరిగేటట్టు పెట్టి, పనిలో పడ్డాడు. చెవంతా సన్నాయి మీదే పెట్టి, మెట్ల చప్పుడు వినలేదు, కుర్చీలోకి వచ్చిన తల ఎవరిదో కూడా చూడలేదు. పేర్రాజుగారు వచ్చి కూర్చుని, ట్రిమ్మర్ల రొదలో తన గొంతు తానే పోల్చుకోక, నురగ పూయించుకుని, ఒక చెంప గీయించుకున్నాక అద్దంలోకి చూశారు. అద్దంలో టీవీ కనిపించింది. టీవీలో ఆయనే గోంగూర చెయ్యి ఊపుతున్నారు.

ఆయన లేచిన వేగానికి కుర్చీ గిర్రున తిరిగింది. "ఏరా గవర్రాజూ, నీ కొట్లో నా పరువు ఆడిస్తున్నావా?" అంటూ టీవీ వెనక చెయ్యి పెట్టి నన్ను ఊడబెరికారు. బల్లి పారిపోయింది. పెన్‌డ్రైవ్ నాది, నేనే ఇచ్చాను, నేనే తీసుకుపోతున్నాను, కాలవలో పారేస్తానన్నారు. జేబులో వేసుకున్నారు. ఆ జేబులో పొగాకు, చిల్లర, నేను. నా బతుకు అక్కడితో సరి అనుకున్నాను. నేను పోతే పోయాను, నాలాంటివాళ్ళు కొక్కేలకి బోలెడుమంది. నాలో ఉన్నది మాత్రం లోకంలో ఇంకెక్కడా లేదు. గవర్రాజు చేతులు జోడించి ఏదో చెప్పబోయాడు. ఆయన వినిపించుకోలేదు.

కుర్చీ చేతులు పట్టుకుని కోటిలింగం లేచి నిలబడ్డాడు.

"పేర్రాజుగారూ, మీరు అరిచిందాని వెనకాల నేనున్నానండి. నాది ఇంకెక్కడా మిగల్లేదండి."

పేర్రాజుగారికి అర్థం కాలేదు. గవర్రాజు అప్పుడు సంగతంతా చెప్పాడు. ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురగతో ఆయన నిలబడి విన్నారు. జేబులోంచి నన్ను తీసి గవర్రాజు చేతిలో పెట్టి, మళ్ళీ ఆడించమన్నారు. తన కేకలు తానే వింటూ, వాటి అడుగున చెవి పెట్టి వెతికారు. దొరికినట్టుంది, ముఖం మారింది.

"నా కూతురి పెళ్ళిలో ఇంత బాగా వాయించావా కోటిలింగం? నేను వినలేదే."

"మీరు పనిలో ఉన్నారండి" అన్నాడు కోటిలింగం. "కొంచెం మెల్లిగా అరిచుంటే ఇంకా బాగా పడేదండి, ఆయ్."

పేర్రాజుగారు నవ్వాలో వద్దో తేల్చుకోలేక కుర్చీలో కూర్చుని రెండో చెంప అప్పగించారు. పోతూ పోతూ ఒక్క షరతు పెట్టారు. శబ్దం ఎంతైనా పెట్టుకో, నా మూతి మాత్రం కనపడనీకు అన్నారు. గవర్రాజు ఆ మధ్యాహ్నమే నాలో ఉన్న తగువుని తన ఫోనులోకీ, భార్య ఫోనులోకీ కాపీ చేశాడు. కోతిని చెరిపి జాగా చేశాడు. నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు పొద్దున్న మొదటి గంట టీవీ మీద, బేరాల మెడకి కట్టే తెల్లగుడ్డ కప్పి ఉంటుంది. వెనకనుంచి నేను ఆడుతుంటాను. కొత్తగా వచ్చినవాళ్ళు టీవీకి కూడా క్షవరమా అని అడుగుతారు. బాబ్జీ మాత్రం ఏమీ అడగడు. తల వంచుకుని గీయించుకుని పోతాడు. ఈ మధ్య పెళ్ళిళ్ళలో మేళం శబ్దం ఒక పక్కన దాస్తున్నాడని విన్నాను. నమ్మడానికి ఇంకా ధైర్యం చాలడం లేదు.

ఆ ముక్క చివర ఒక విచిత్రం ఉంది. బావగారి విస్తట్లో పూతరేకు పడుతుంది. పేర్రాజుగారి నోట్లో కూడా ఎవరో ఒకటి కుక్కుతారు. నోళ్ళు నిండటంతో తగువు ఆగిపోతుంది, పంక్తి అంతా నిశ్శబ్దమైపోతుంది. అప్పుడు మొదటిసారిగా సన్నాయి ఒక్కటే మిగులుతుంది. కానడ పైకి ఎక్కుతుంది. సరిగ్గా అక్కడే మేనల్లుడు ఫోను ఆపేశాడు. తగువు అయిపోయాక ఇంకేముంది తీయడానికి అనుకున్నాడు పాపం.

అక్కడికి రాగానే గవర్రాజు రిమోట్ నొక్కి నన్ను ఆపుతాడు. రోజంతా ఆగకుండా తిరిగే నాకు ఆ ఒక్కచోటే విరామం. తెగిన చోటినుంచి మిగతా కానడని కోటిలింగం వేళ్ళు కుర్చీ చేతి మీద వాయిస్తాయి. సెలూన్లో కత్తెర ఆడదు, బేరాలు దగ్గను కూడా దగ్గరు. ఆయన వేళ్ళు నిలిచాక, ఇక కానివ్వమన్నట్టు కొడుకు వైపు చూస్తాడు. గవర్రాజు నొక్కుతాడు. గుడ్డ వెనకనుంచి బావగారు, తన విస్తట్లో పూతరేకు ఏదని మళ్ళీ లేచి నిలబడతాడు.