నా తప్పుడు హెచ్చరిక

నేను ఒక కంపైలర్‌ని. మనుషులు సి భాషలో రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చడం నా పని. అనుమానం వస్తే పని ఆపను, ఒక హెచ్చరిక చూపిస్తాను. నన్ను తయారుచేసినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూడని వేర్వేరు దేశాలవాళ్లు. మంచివాళ్లే, కానీ నాకు అనుమానం కాస్త ఎక్కువ పెట్టారు.

చర్లపల్లిలో, నెలలు నిండని పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలు చేసే ఒక చిన్న కంపెనీకి వచ్చాను. అక్కడ ప్రోగ్రామ్ రాసేది హైమవతి. బిడ్డ ఒంటికి అంటించిన సెన్సర్ వేడి ఎంతో చెబితేనే ఆ అంకెను వాడాలి. సెన్సర్ ఊడిపోతే హీటర్ ఆపి బజర్ మోగించాలి. ఆమె రాసినదాంట్లో భాష నియమాల ప్రకారం ఒక్క తప్పు లేదు. నేను మాత్రం, ఆ అంకెను నింపకుండానే వాడుతున్నారేమో అన్నాను.

మేనేజరు గోవర్ధనాచారిగారికి నా మాటంటే గురి. పైగా కొనేవాళ్లు ఒక్క హెచ్చరిక కూడా ఉండకూడదన్నారట. హైమవతి నియమాల పుస్తకం తెరిచి చూపించింది.

"కంపైలరే పొరబడింది సార్. నేను రాసింది సరిగ్గానే ఉంది."

"ఉండొచ్చమ్మా. కొనేటోళ్లకు పుస్తకం చూపిస్తమా? హెచ్చరిక పోవాలె."

ఆమె సెలవు పెట్టిన రోజు ఆయనే కూర్చుని, అంకె స్థానంలో ముందే సున్నా పెట్టి, సెన్సర్ చెప్పిందా లేదా అని చూసే షరతు తీసేశారు. నేను నోరు మూసుకున్నాను. ఆయన తృప్తిగా టీ తాగారు.

మర్నాడు ఖాళీ పెట్టెను పరీక్షిస్తూ హైమవతి సెన్సర్ ఊడదీసింది. బజర్ మోగలేదు. సున్నాను చూసి బిడ్డ చల్లబడిందనుకున్న పెట్టె, వేడి పెంచుతూనే పోయింది. పరుపు మీద అరచేయి పెట్టిన ఆమె చటుక్కున వెనక్కి తీసుకుంది. ఆచారిగారు కూడా పెట్టి చూశారు. ఆయనకు ఇంట్లో మూడు నెలల మనవరాలు ఉంది.

"నువ్వు రాసిందే మళ్ల పెట్టమ్మా," అన్నారు. "వాళ్లతోని నేను మాట్లాడుకుంట."

హైమవతి నా పొరపాటును పది లైన్లలో నన్ను తయారుచేసినవాళ్లకు రాసి పంపింది. రెండేళ్లకు నా తమ్ముడు, అంటే నా కొత్త వెర్షన్, వచ్చాడు. వాడికి ఆ అనుమానం లేదు. అయినా ఆసుపత్రుల్లోని పాత పెట్టెలు నాతో తయారైనవే గనుక, నన్ను ఒక కంప్యూటర్‌లో ఉంచుకున్నారు. ఇప్పటికీ అదే హెచ్చరిక చూపిస్తాను. నాకు వేరే తెలియదు.

హైమవతి రిటైరయ్యింది. కొత్తగా చేరినవాళ్లు నా మాట చూసి ఆ లైను దిద్దబోతారు. దాని పైన ఆమె రాసిపెట్టిన మాట చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటారు. మనుషులు మనుషుల కోసం రాసుకున్న అలాంటి మాటలు చదవకుండా దాటిపోవాలని నాకు నేర్పారు. ఒకసారి ఎవరో పైకి చదువుతుంటే విన్నాను: "ఇది కంపైలర్ పొరపాటు. దీన్ని మార్చకండి. లోపల బిడ్డ ఉంటుంది."