మొక్కు రేకు

ఆ రేకును గోడకు తగిలించింది నేనే. గొడవయ్యాక అందరూ న్యెవెస్‌ని తిట్టారు గానీ మేకు కొట్టిన చెయ్యి నాది. తిట్లలో నా వాటా నాకు రావలసిందే.

నా పేరు ఓర్తెన్సియా, అందరూ తెంచా అంటారు. శాన్ ఆంటోనియో పడమటి పేటలో మా చర్చి వెనక ఒక హాలుంది. ఇరవై రెండేళ్లుగా అందులో సరిహద్దు దాటి వలస వచ్చిన మావాళ్లు వేసిన బొమ్మలు పెడుతున్నాను. హాలు చర్చిది, తాళంచెవి నాది. మాటమీద నడిచిన ఏర్పాటు, కాగితమేమీ లేదు. ఊళ్లో పెద్ద మ్యూజియం వాళ్లకు మేము ఏడాదికోసారి, చనిపోయినవాళ్ల పండగకు పుర్రె బొమ్మలు కావలసినప్పుడు గుర్తొస్తాం. మిగతా పదకొండు నెలలూ మావాళ్లకున్న గోడలు ఈ నాలుగే. ఈ హాలు పోతే నా పని అక్కడితో సరి.

న్యెవెస్ నా చనిపోయిన స్నేహితురాలి కూతురు. నన్ను తియా అని పిలుస్తుంది, అంటే పిన్ని. వాళ్ల తాత మొక్కు రేకులు వేసి బతికాడు. మొక్కు తీరినవాళ్లు గుడిలో తగిలించే, అరచేతికి రెండింతలుండే తగరపు రేకు. పైన మబ్బుల్లో మాత, మధ్యలో జరిగిన ఆపద, కింద నాలుగు వరసల రాత: ఫలానా ఊరి ఫలానా నేను, ఫలానా రోజున మొక్కుకున్నాను, నా బిడ్డ బతికాడు, అమ్మా నీకు దండం. ఆ రాత మొక్కుకున్నవాళ్లదే. వాళ్లు చెప్తుంటే వేసేవాడు రాస్తాడు, తడి ఆరకముందే చదివి వినిపిస్తాడు. సొంతంగా ఒక్క మాట కలిపినా అది రేకు కాదు, చెత్త.

ఇంత తెలిసిన ఇంట్లో పుట్టి కూడా ఈ పిల్ల ఏం చేసిందంటే, తీరని మొక్కుల రేకులు వేసింది. మొత్తం పద్నాలుగు. సరిహద్దు దాటుతూ నదిలో మునిగినవాళ్లు, ట్రక్కులో ఊపిరాడక పోయినవాళ్లు. అందులో పదమూడింటి మీద కల్పించిన పేర్లున్నాయి. పద్నాలుగోది మా పేటదే. డోన్యా చోలె కొడుకు ఆదాన్, నాలుగేళ్ల కిందట జులైలో, ఇంటి కప్పు వేస్తూ వడదెబ్బకు పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లవాడు. రేకు మీద కప్పు, కప్పు మీద పడివున్న మనిషి, మబ్బుల్లో వీపు తిప్పి నిలబడ్డ మాత. కింద రాత: ‘అమ్మా, పిలిచాను. నువ్వు రాలేదు. సోలెదాద్ క్వింతనీయా.’

సోలెదాద్ అంటే డోన్యా చోలె; డోన్యా, డాన్ అనేవి మాలో పెద్దవాళ్లకు మర్యాద మాటలు. ఆవిడను అడిగావా అని నేను న్యెవెస్‌ని అడగలేదు. అడిగే ఉంటుందిలే అనుకున్నాను. బొమ్మ చూడగానే ఒళ్లు జలదరించింది, ఆ ఊపులో సుత్తి అందుకున్నాను.

శుక్రవారం ప్రదర్శన మొదలైంది. శనివారానికి మాత సంఘం ఆడవాళ్లు ఒంటికాలి మీద లేచారు. ఆ సంఘానికి పెద్ద డోన్యా చోలెయే. సోమవారం డాన్ ఎవెరార్డో వచ్చాడు. ఆయన చర్చి కమిటీ అధ్యక్షుడు, కప్పులు వేయించే కాంట్రాక్టరు, ఆదాన్ పనిచేసింది ఆయన దగ్గరే. గొంతు పెంచే మనిషి కాదు. మాతను అవమానించే బొమ్మ చర్చి గోడ మీద ఉండటానికి వీల్లేదని, వచ్చే ఆదివారం పూజ అయ్యేలోగా దాన్ని తీసేయకపోతే తాళంచెవి ఇచ్చేయమని నెమ్మదిగా చెప్పి, నా కాఫీ తాగి వెళ్లాడు.

న్యెవెస్ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఉపన్యాసం ఒకటుంది. ఎవరూ అనలేని మాటను అనడానికే బొమ్మ ఉన్నదట, అందరికీ నచ్చే బొమ్మలు క్యాలెండర్లకు చాలునట. నాకూ ఆ మాటే నిజమనిపిస్తుంది. కానీ తాళంచెవి మోసేది నేను. రెండు రోజులు నిద్ర లేదు, ఎవరు పలకరించినా కసురుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం డోన్యా చోలె వచ్చింది. ఒక్కతే వచ్చింది. అరుస్తుందని కాచుక్కూర్చున్నాను. ఆవిడ రేకు ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత న్యెవెస్‌ని పిలిచింది.

“ఈ మాట నేనెప్పుడన్నానే?”

“మీరు అనలేదు డోన్యా. మీరు అనలేరని నేనన్నాను.”

“నా పేరుతోనా? మాతతోనా?”

న్యెవెస్‌కి అప్పుడు తెలిసొచ్చింది, చేసిన పనేమిటో. నాకూ అప్పుడే తెలిసొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

డోన్యా చోలె తిట్టలేదు. రేకు వైపే చూస్తూ చెప్పుకుపోయింది. ఆదాన్‌కి ఏడేళ్లప్పుడు మెదడు జ్వరం వచ్చింది. డాక్టర్లు ఆశ వదులుకోమన్నారు. బిడ్డ బతికితే దక్షిణాన ఎంతో దూరంలో, లోయలో ఉన్న మాత గుడికి వెళ్లి, గేటు నుంచి బలిపీఠం దాకా మోకాళ్ల మీద నడుస్తానని మొక్కింది. బిడ్డ బతికాడు. ఆ ఏడు లాండ్రీలో సెలవు ఇవ్వలేదు. మరుసటి ఏడు మొగుడు వదిలేసి పోయాడు. ఆ తర్వాత మోకాళ్ల నొప్పులు. అలా ఇరవై ఒక్క ఏళ్లు గడిచాయి.

“వీపు తిప్పింది ఆవిడ కాదు,” అంది. “నేను. అందుకే పిల్లాణ్ని తీసుకుంది.”

నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం ఈ మనిషి పక్కన కూర్చుని పాటలు పాడాను. ఈ రాయి గుండెల మీద పెట్టుకుని పాడుతోందని ఏనాడూ అనుకోలేదు.

రాసింది తుడిచి, తను చెప్పింది రాయమంది ఆవిడ. న్యెవెస్ రాయనంది. ఆదాన్ ఎండకు పోయాడు గానీ మీ మోకాళ్ల వల్ల కాదు, అబద్ధం నా చేత్తో రాయలేనంది. అక్కడ నాకు తిక్క రేగింది.

“మీ తాతైతే రాసేవాడు,” అన్నాను. “ఆవిడ మొక్కు ఆవిడది. నీకు నచ్చని మాటైతే నీ రేకు మీద నువ్వు రాసుకో. ముందు ఆ పేరుకు నువ్వు చేసిన తప్పు దిద్దు.”

న్యెవెస్ కళ్లు తుడుచుకుని పాత రాత తుడిచింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసింది. మొక్కాను, వెళ్లలేదు, క్షమించు. రాయడం అయ్యాక పద్ధతి ప్రకారం పైకి చదివింది. డోన్యా చోలె కళ్లు మూసుకుని వింది. తను చెప్పిన మాటే ఇంకొకరి నోట వినేసరికి ఆవిడ భుజాలు కిందికి దిగాయి.

“ఇంకోటుంది,” అంది కళ్లు తెరిచి. “రాయి. ఆ రోజు ఆదాన్ రెండుసార్లు నీళ్లడిగాడు. నీళ్లు ట్రక్కులో ఉన్నాయి. ట్రక్కుకి తాళం. పెంకుల వరస పూర్తయ్యేదాకా ఎవరూ దిగొద్దన్నాడు ఎవెరార్డో.”

సమాధి చేసిన రోజున పనివాళ్లలో ఎవరో చెవిలో చెప్పారట. శవపేటిక కొనిచ్చింది ఎవెరార్డో, మోసినవాళ్లలోనూ ముందు నిలబడ్డాడు. ఆయన్ను ఎలా అనేది? పైగా తప్పంతా తనదే అనుకున్న మనిషి ఇంకొకరి తప్పు ఎలా ఎత్తి చూపుతుంది?

“నా వంతు చెప్పేశాను,” అంది. “ఇప్పుడు ఆయన వంతు.”

ఇక్కడ నేను చేసిన పని కూడా చెప్పాలి, దాచి లాభం లేదు. ఆయన పేరు రాయాలా అక్కా, యజమాని అంటే చాలదా అని అడిగాను. ఇరవై రెండేళ్ల హాలు కళ్ల ముందు కదిలింది మరి. డోన్యా చోలె నా వైపు తిరిగి, నా పేరు రాయించుకోలేదా నేను అని మాత్రం అంది. న్యెవెస్ పేరు రాసింది. మాతను కూడా మళ్లీ వేసింది, ఈసారి ఇటు తిరిగి, కళ్లు దించుకుని.

ఆదివారం పూజ అయ్యాక అందరూ హాల్లోకి వచ్చారు. మాత ఇటు తిరిగి ఉండటం చూసి సంఘం ఆడవాళ్లు శిలువ గుర్తు వేసుకున్నారు, గొడవ తీరిందనుకున్నారు. డాన్ ఎవెరార్డో కింది రాత చదివాడు. రెండోసారి చదివాడు. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు.

ఆఖరి రెండు వరసలు తీసేయిస్తే హాలు నాకు కాగితం మీద రాయిస్తానన్నాడు, బతికున్నంతకాలం. బొమ్మలు జనానికి ఊరట ఇవ్వాలి తెంచా, పుండు కెలకడానికి కాదు అన్నాడు. నాకు ఆశ పుట్టలేదంటే అబద్ధం. ఇరవై రెండేళ్లుగా ఆ కాగితం కోసమే తిరిగాను.

“ఇతరుల మొక్కు రాత తీసే హక్కు నాకు లేదు డాన్ ఎవెరార్డో,” అన్నాను. “ఆవిణ్ని అడగండి.”

ఆయన ఆవిడ వైపు చూడనైనా లేదు. చెయ్యి చాచాడు. తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాను. సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నాడు.

ఆయన దగ్గర పనిచేసేవాళ్లు నలుగురు గుమ్మం బయట నిలబడి ఉన్నారు. సోమవారం ఎక్కడికి రావాలో కనుక్కోవడానికి ప్రతి ఆదివారం ఆయన కోసం అక్కడ ఆగుతారు. ఇన్నేళ్లలో ఒక్కసారీ నా హాల్లో అడుగు పెట్టలేదు, బొమ్మలు వాళ్ల కోసం కాదనుకుంటారు. ఆ రోజు వాళ్లలో పెద్దవాడు, ఫిదెన్సియో, టోపీ తీసి లోపలికి వచ్చాడు. రేకు ముందు నిలబడి, వేలితో ఒక్కొక్క మాటా పట్టుకుంటూ చదివాడు.

“తప్పు రాశారు డోన్యా,” అన్నాడు. “రెండుసార్లు కాదు, మూడుసార్లు. మూడోసారి వాడు దిగలేకపోతే నేను దిగి అడిగాను.”

“ఫిదెన్సియో,” అన్నాడు డాన్ ఎవెరార్డో.

అతను వెనక్కి తిరగలేదు. డోన్యా చోలె న్యెవెస్‌ని చూసి, దిద్దు తల్లీ అంది. న్యెవెస్ రంగు డబ్బా మూత తీసింది.

“నా పేరు కూడా రాయమ్మా,” అన్నాడు ఫిదెన్సియో. “చూసినవాడిగా.”

న్యెవెస్ బ్రష్ ముంచి, ఇంటిపేరేమిటని అడిగింది.