రేపు బాబాయ్

కిటికీ పక్క మంచం మీది మనిషిని ఒత్తిగిలించి, తడిగుడ్డతో వీపు తుడుస్తున్నాడు వార్డుబాయ్. నడుం దగ్గర రూపాయి బిళ్ళంత పుండు పడింది. గుడ్డ తగలగానే మనిషి కొయ్యలా బిగుసుకున్నాడు.

"రేపు ఇంటికి పోతావు తమ్ముడూ. కాస్త ఒళ్ళు వదులు."

ఒళ్ళు వదిలాడు. ఎవరైనా అంతే. ఇంటికి పోతానన్న మనిషి తేలిగ్గా తిరుగుతాడు. పనిలో చేరిన కొత్తలో పెద్ద ఆయా నేర్పిన కిటుకది. బకెట్టు, గుడ్డ, ఆ మాట. ఆ మూడూ లేకుండా అతను ఏ మంచం దగ్గరికీ పోలేదు. ఇదే వార్డులో పెళ్ళాం పోయేముందు ఆమెతోనూ అదే అన్నాడు. అంతకు మించి మాట్లాడటం అతనికి చేతకాదు.

"రేపు బాబాయ్, ఇలా రా," అని పిలిచింది నర్సు గుమ్మం దగ్గర్నుంచి.

"నీ సెలవు సంగతేనా తల్లీ? రేపు ఇస్తార్లే."

నర్సు నవ్వబోయి మానేసింది. "ఆ కిటికీ పక్క తాళాలాయన గుండె ఇక లాగలేదట. తెల్లారేదాకా ఉండడన్నారు డాక్టరుగారు. సాయంత్రం వాళ్ళావిడకి చెప్తారు."

అతను తిరిగి వచ్చి గుడ్డ పిండాడు. తాళాలు బాగుచేసే ఆ మనిషి అతని మణికట్టు పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లో ఇనుప నలుపు ఇంకా పోలేదు.

"అన్నా, నిజం చెప్పు. మా అమ్మాయి వస్తానంటోంది. పచ్చి బాలింత, వారం కూడా కాలేదు. నేనింటికి పోయేటట్టయితే బస్సెక్కొద్దంటాను. పోనంటావా, దాన్నొకసారి చూడాలి."

వార్డుబాయ్ నోరు తెరిచాడు. రెండో పక్క ఇంకా తుడవాలి.

"రేపేలే తమ్ముడూ."

మనిషి తనంతట తనే తిరిగాడు. అంత తేలిగ్గా ఎవరూ తిరగలేదు.

భార్య రాగానే, "దాన్ని రావద్దను. మనమే వెళ్ళి చూద్దాం," అన్నాడు. ఆమె వరండాలోకి పోయి ఫోన్ చేసింది. ఇల్లు ఊడ్చి వస్తానని అటునుంచటే వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం వార్డుబాయ్ చెప్పాలనే వచ్చాడు. తాళాలాయన గడ్డం గీయించుకుంటున్నాడు.

"మనవడికి గుచ్చుకుంటుంది కదన్నా. మొదటి రోజే తాతంటే ఏడుపయితే ఎలా?"

మంగలి నవ్వాడు. వార్డుబాయ్ నీళ్ళసీసా తీసుకుపోయి నింపి తెచ్చాడు.

సాయంత్రం డాక్టరు వచ్చేసరికి చెప్పడానికి మంచం పక్కన ఎవరూ లేరు. దీపాలు వేసే వేళకు తాళాలాయన పోయాడు. వార్డుబాయ్ అతన్ని తుడిచాడు. తిప్పడానికి ఏ మాటా అవసరపడలేదు.

భార్య వచ్చింది. ఏడవలేదు. చేతిలో సంచి అలాగే పట్టుకుని నిలబడింది.

"రేపన్నావటగా అన్నయ్యా."

"అన్నానమ్మా."

"పిల్లకేం చెప్పను?"



శవాన్ని తీసుకుపోయాక వార్డుబాయ్ పక్క మార్చడానికి వచ్చాడు. సెలైన్ స్టాండుకు, ఇంటికి వేసుకుపోవడానికని ఆమె సంచిలో తెచ్చి తగిలించిన తెల్లచొక్కా అక్కడే ఉంది. ఇస్త్రీ మడత చెదరలేదు.